పాల లెక్క తెలిసిన అవ్వకు మతిమరుపుందా? డిమెన్షియా పరిశోధనలో నా అనుభవం

ఉస్మానియాలో సైకాలజీ ఎంఏ చేసి, తర్వాత క్లినికల్ సైకాలజీలో శిక్షణ పూర్తిచేసుకుని, హైదరాబాదులో ఒక ఆసుపత్రి మెమరీ క్లినిక్‌లో ప్రాజెక్టు అసిస్టెంటుగా చేరాను. "మతిమరుపుకి కూడా ఆసుపత్రులుంటాయా?" అని మా పిన్ని నిజంగానే ఆశ్చర్యపోయింది. ఆవిడ అత్తగారు చివరి రోజుల్లో కన్నకొడుకునే గుర్తుపట్టలేకపోయారు. దాన్ని ఇంట్లో ఎవరూ జబ్బనుకోలేదు. వయసు మీద పడిందనుకున్నారు. ఓపిక ఉన్నన్నాళ్లు చేశారు, ఓపిక లేనప్పుడు విసుక్కున్నారు.

క్లినిక్‌లో ఇంకో రకం మాట విన్నాను. ఒక సీనియర్ న్యూరాలజిస్టు నన్ను పిలిచి, "పక్షవాతం మీదో మూర్ఛ మీదో పనిచెయ్యమ్మా. పేషెంటు లేచి నడిచి వెళ్తుంటే మనకూ తృప్తిగా ఉంటుంది. దీనికి మందేముంది?" అన్నారు. నా మేలు కోరే చెప్పారు. డోనెపెజిల్ అనే మందు 1996లోనే వచ్చింది కానీ, అది కొందరికి కొంతకాలం ఊతమిస్తుందే తప్ప జబ్బును ఆపదు. అయినా నేను అక్కడే ఉండిపోయాను. మందు సంగతి దేవుడెరుగు, మా ముందు కూర్చున్న మనిషికి అసలు జబ్బుందో లేదో తేల్చడానికే సరైన పరీక్ష మా చేతిలో లేదని చేరిన కొత్తలోనే అర్థమైంది. అదే నాకు పనిగా మారింది.

నల్గొండ వైపు నుంచి ఒక అవ్వను కోడలు తీసుకొచ్చింది. డెబ్బై దాటి ఉంటాయి. బడి మొహం చూడని మనిషి. నేను ఫారం తీసి మొదలుపెట్టాను.

"ఇవాళ తేదీ ఎంత అవ్వా?"

"తేదీ నాకెట్ల ఎరుకైతది బిడ్డా? నిన్న అమాస పోయింది."

గోడ మీద క్యాలెండర్ చూశాను. నిన్న అమావాస్యే. కానీ ఫారంలో దానికి మార్కు లేదు. నెల అడిగితే తెలుగు నెల చెప్పింది, దానికీ చోటు లేదు. వందలోంచి ఏడు చొప్పున తీసుకుంటూ పొమ్మంటే నా మొహం చూసింది. ఒకదాన్నొకటి కోసుకునే రెండు ఐదు భుజాల బొమ్మలు చూపించి గీయమన్నాను. పెన్సిలును పిడికిట్లో పట్టుకుని కాగితం మీద ఒక గీత గీసి, "గీ గీతలు నాతోని కావు బిడ్డా" అని వెనక్కిచ్చేసింది. మొత్తం 30కి 15 వచ్చాయి. 24 కంటే తగ్గితే అనుమానించాలన్నది ఆ పరీక్షకు అందరూ వాడే లెక్క. కాగితం ప్రకారం అవ్వకు డిమెన్షియా, అంటే రోజువారీ పనులకే అడ్డొచ్చే మతిమరుపు జబ్బు, అదీ మొదటి దశ దాటినట్టే.

కోడల్ని పక్క గదిలో కూర్చోబెట్టి అడిగితే అవ్వ వేరే మనిషిలా కనిపించింది. నాలుగు బర్రెల పాలు ఏ ఇంటికి ఎంత పోతున్నాయో, ఎవరు ఎన్ని నెలలుగా డబ్బులివ్వలేదో అంతా ఆవిడకే తెలుసట. మరి ఆసుపత్రికి ఎందుకు తీసుకొచ్చావమ్మా అంటే, "రాత్రిళ్లు నిద్రపోతలేదు మేడం, ఏడుస్తున్నది. ఏం చెప్పినా తలకెక్కుతలేదు. మా మామ చచ్చిపోయి ఆర్నెల్లయింది" అంది. అది డిప్రెషన్. ముసలివాళ్లలో అది ఒక్కోసారి అచ్చం మతిమరుపులాగే కనిపిస్తుంది. సైకియాట్రీకి పంపాం. మందులు పడ్డాక మళ్లీ వచ్చినప్పుడు వందలోంచి ఏడు తీయమనకుండా పాల లెక్క అడిగాను: "అర లీటరు ఇరవై రూపాయలైతే లీటరున్నరకు ఎంత అవ్వా?" తడుముకోకుండా "అరవై" అంది.

మేం వాడిన ఆ పరీక్ష 1975లో అమెరికాలో తయారైంది. అక్కడి ఆసుపత్రుల్లోని రోగులకు అది మంచి పరీక్షే. బడికి పోనివాళ్లకు దాన్ని యథాతథంగా పెట్టకూడదని మనదేశంలో మా కంటే ముందే గ్రహించినవాళ్లున్నారు. 1990ల్లో హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంతో కలిసి చేసిన పరిశోధనలో, చదువు రానివాళ్ల కోసమే హిందీలో ఒక పరీక్ష తయారుచేశారు. గంగూలీ బృందం 1995లో దాన్ని ప్రచురించింది. ఆ పేపరు చదివాక, మా అవ్వ లాంటివాళ్లకు తెలుగులోనూ అలాంటి పని జరగాలని నాకు పట్టుదల పుట్టింది. తర్వాత భారత వైద్య పరిశోధనా మండలి హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడ, మలయాళ భాషల్లో ఒకే పద్ధతిలో పరీక్షల సంచి ఒకటి తయారుచేయించింది. ఈ రంగంలో మన దేశంలో జరిగిన మంచి పనుల్లో దాన్ని ముందు వరసలో పెడతాను.

పరీక్ష తయారుచేయడం అంటే నాలుగు ప్రశ్నలు రాసుకోవడం అనుకుంటారు. అసలు కష్టం ఆ తర్వాత వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న డెబ్బై ఏళ్ల మనిషి, చదువుకున్నవాళ్లయితే ఎంత స్కోరు చేస్తారు, చదువుకోనివాళ్లయితే ఎంత చేస్తారు అన్నది ముందు తెలియాలి. అది తెలియకుండా జబ్బుమనిషి స్కోరుకు విలువ లేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల కోసం పార్కుల్లో వాకింగ్ చేసేవాళ్లను బతిమాలాం, పెన్షనర్ల సంఘాలకు వెళ్లాం. దొరికినవాళ్లంతా చదువుకున్న మగవాళ్లే. బడికెళ్లని ఆడవాళ్లు ఆ చోట్ల ఎందుకుంటారు? చివరికి ఆశా కార్యకర్తల సాయంతో బస్తీల్లోకి వెళ్లాం. ఆసుపత్రి వరండాలో మనవడికి తోడుగా వచ్చి చాప పరుచుకు కూర్చున్న అమ్మమ్మలను అడిగాం. పది మందిని అడిగితే ఇద్దరో ముగ్గురో ఒప్పుకునేవాళ్లు.

ఒక్క పరీక్ష సంగతి వివరంగా చెబుతాను. ఒక నిమిషంలో ఎన్ని కూరగాయల పేర్లు చెప్పగలరో చెప్పమంటాం. ఆరోగ్యంగా ఉన్న ఆవిడ మొదలుపెట్టగానే తోటకూర, పాలకూర, గోంగూర, చుక్కకూర అని ఆకుకూరలన్నీ ఒక వరసలో వస్తాయి. అవి అయిపోయాక ఒక్క క్షణం ఆగి బీర, సొర, పొట్ల, కాకర అని తీగ కాయల్లోకి వెళ్తుంది. ఆ ఆగే క్షణంలో ఆవిడ మనసు ఒక గంపలోంచి ఇంకో గంపలోకి మారుతోంది. డిమెన్షియాకు ఎక్కువగా కారణమయ్యే అల్జీమర్స్ జబ్బు మొదలైనవాళ్లు "వంకాయ, బెండకాయ, టమాటా" అని ఆగి, కాసేపటికి "వంకాయ" అంటారు. ఇప్పుడే చెప్పానన్న సంగతి వాళ్లకు తెలియదు. గంపలు మారడం బాగా తగ్గిపోతుంది. చదువు రానివాళ్లలోనూ ఈ తేడా కనిపిస్తుంది. అందుకే నాకు ఈ చిన్న పరీక్ష అంటే ఎంతో ఇష్టం.

అవ్వ కేసుకు పూర్తిగా తిరగేసిన కేసు ఒక రిటైర్డ్ హెడ్మాస్టారిది. భార్య తీసుకొచ్చారు. ఆయన కుర్చీలో కూర్చుంటూనే, "అమ్మాయ్, నేను ఎన్ని వేలమందికి పరీక్షలు పెట్టానో తెలుసా?" అని నవ్వారు. తేదీ, నెల, వందలోంచి ఏడు, బొమ్మ గీయడం అన్నీ టకటకా చేసేశారు. 30కి 28. ఓపీలో అయితే "మీకేం లేదు మాస్టారూ" అని పంపించేవాళ్లే. విడిగా అడిగినప్పుడు ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా చెప్పారు: "పొద్దున పాల ప్యాకెట్లు తెస్తారు. అరగంటకి మళ్లీ వెళ్లి తెస్తారు. మొన్న పోస్టాఫీసు నుంచి ఇంటికి దారి తెలియక ఎవరో ఆటోలో దింపారు. పిల్లలకి చెబితే, నాన్నకేంటమ్మా, నువ్వే కంగారు పడుతున్నావంటారు."

పది మాటలు వినిపించి, ఇరవై నిమిషాల తర్వాత మళ్లీ చెప్పమన్నాను. ఒకటి చెప్పారు. మిగతావి మర్చిపోవడం కంటే నన్ను ఆందోళనపెట్టింది ఇంకొకటి: నేను మాటలు వినిపించిన సంగతే ఆయనకు గుర్తులేదు. ఎమ్మారైలో హిప్పోకాంపస్ బాగా కుంచించుకుపోయి కనిపించింది. కొత్త జ్ఞాపకాలను నిలబెట్టేది మెదడులోని ఆ భాగమే. నలభై ఏళ్ల చదువు, లెక్కలు ఆయన జబ్బును మా పరీక్షకు దొరక్కుండా దాచేశాయి.

ఈ జబ్బుకు పేరు రావడానికి కారణమైన తొలి కేసు కూడా ఇలా ఎదురుగా కూర్చుని అడిగిన ప్రశ్నలతోనే మొదలైంది. 1901 నవంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో అలోయిస్ అల్జీమర్ అనే డాక్టరు, 51 ఏళ్ల అగస్టె డీటర్‌ని మీ భర్త పేరేమిటని అడిగితే ఆవిడ తన పేరే చెప్పింది. ఆయన ఆ జవాబులన్నీ ఉన్నవి ఉన్నట్టు రాసుకున్నాడు. 1906లో ఆవిడ చనిపోయాక మెదడును పరీక్షించి, ఇవాళ మనం అమిలాయిడ్ గడ్డలు, టౌ ముడులు అంటున్న ప్రొటీన్ పోగులను చూశాడు. మెదడులో ఆ మార్పులు మతిమరుపు బయటపడడానికి పదిహేను, ఇరవై ఏళ్ల ముందే మొదలవుతాయని ఇప్పుడు తెలుసు. మాస్టారు ఇంకా బడిలో పాఠాలు చెబుతున్నప్పుడే ఆయనలో అది మొదలై ఉంటుంది.

చదువొక్కటే జబ్బును అలా బయటపడకుండా ఆపి ఉంచుతుందా? దీని మీద హైదరాబాదు నుంచే ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించింది. ఒకే భాష మాట్లాడేవాళ్లకంటే రెండు, మూడు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడ్డాయి. చదువు రానివాళ్లలోనూ ఈ తేడా ఉంది. ఇంట్లో తెలుగు, వీధిలో ఉర్దూ, ఆఫీసులో ఇంగ్లీషు మాట్లాడే ఊరు కాబట్టే ఈ ప్రశ్న ఇక్కడ అడగగలిగారు. చదువు ప్రభావాన్ని, భాషల ప్రభావాన్ని విడదీసి చూడడం పాశ్చాత్య దేశాల్లో అంత తేలిక కాదు. వేరే చోట్ల చేసిన కొన్ని అధ్యయనాల్లో ఈ ఫలితం రాలేదు, చర్చ ఇంకా నడుస్తోంది. కానీ మాలాంటి జూనియర్లకు ఆ పేపరు ఇచ్చిన ధైర్యం చిన్నది కాదు. మన పేషెంట్ల నుంచి కూడా ప్రపంచం నేర్చుకునేది ఉందని కళ్లారా చూశాం.

తర్వాత పీహెచ్‌డీ కోసం పల్లెల్లో ఇంటింటికీ తిరిగాను. క్లినిక్ గదిలో నేర్చుకున్నదంతా అరుగు మీద కూర్చున్నాక మళ్లీ నేర్చుకోవాల్సి వచ్చింది. అవ్వను ప్రశ్న అడిగితే పక్కింటావిడ జవాబిస్తుంది. మనవడు వెనక నుంచి అందిస్తాడు. తాతకు చెవులు వినిపించకపోతే మతిమరుపులా కనిపిస్తుంది కాబట్టి, ముందు వినికిడి చూడాలి, కళ్లజోడు ఉందో లేదో చూడాలి. మేం ఫైళ్లు పట్టుకుని వచ్చేసరికి పెన్షన్ వాళ్లమనుకునేవాళ్లు. జవాబులు సరిగ్గా చెప్పకపోతే పెన్షన్ తీసేస్తారేమోనని ఒకాయన చెమటలు పట్టేదాకా టెన్షన్ పడ్డాడు. సమ్మతి పత్రం చదివి వినిపించడానికే చాలా సమయం పట్టేది. వేలిముద్ర వేసేవాళ్లకు సాక్షి ఉండాలి. ఆలోచించుకునే శక్తి తగ్గినవాళ్ల తరఫున ఇంట్లోవాళ్ల అనుమతి తీసుకోవాలి, అయినా పెద్దావిడ చెయ్యి వెనక్కి లాక్కుంటే అక్కడితో ఆపేయాలి. ఆ చెయ్యి లాక్కోవడం కూడా ఒక జవాబే.

2023లో వచ్చిన జాతీయ స్థాయి అధ్యయనం ప్రకారం మన దేశంలో 60 ఏళ్లు దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. ఆడవాళ్లలో, పల్లెల్లో, చదువు అందనివాళ్లలో ఎక్కువ. ఆ అంకెలు చూసినప్పుడు నాకు అరుగుల మీద కూర్చున్న మొహాలే కనిపించాయి. చిన్నప్పుడు బడికి పంపకపోవడం ముసలితనంలో ఇలా లెక్క తేల్చుకుంటుంది. లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024లో ఇచ్చిన 14 కారణాల జాబితాలో చదువు తక్కువ కావడం, వినికిడి లోపం, బీపీ, షుగర్, పొగతాగడం, ఒంటరితనం ఉన్నాయి. వీటన్నిటినీ సరిచేయగలిగితే ప్రపంచంలో దాదాపు 45 శాతం డిమెన్షియాను నివారించడమో వాయిదా వేయడమో సాధ్యమని వాళ్ల అంచనా.

ఇక్కడే ఒక మాట. మతిమరుపంతా అల్జీమర్స్ కాదు. బి12 తగ్గినా, థైరాయిడ్ తేడా వచ్చినా, పడిపోయినప్పుడు తలకు తగిలి మెల్లగా రక్తం గడ్డకట్టినా మతిమరుపులాగే ఉంటుంది. వీటికి వైద్యం ఉంది. బైకు మీద నుంచి పడిన సంగతి ఇంట్లో చెప్పని ఒక పెద్దాయన ఆపరేషన్ అయ్యాక మామూలు మనిషయ్యాడు. దయచేసి వయసు ఖాతాలో రాసేసి ఇంట్లో కూర్చోబెట్టకండి.

మందుల ట్రయల్స్‌లోనూ పనిచేశాను. రేటర్ అంటారు మా ఉద్యోగాన్ని. రోగికి మందు పనిచేస్తోందా లేదా అన్నది మేం అడిగే ప్రశ్నల మీద ఆధారపడుతుంది కాబట్టి, ప్రతి రేటరూ అదే మాట, అదే వరస, అదే స్వరంలో అడగాలి. మొహంలో మెచ్చుకోలు కూడా కనిపించకూడదు. నాకు అన్నిటికంటే కష్టమనిపించింది అదే. ఎదురుగా మనిషి మాట కోసం వెతుక్కుంటుంటే సాయం చేయకుండా కూర్చోవాలి.

అందులో ఒక ట్రయల్‌ను మధ్యలో ఆపేశారు. కంపెనీ నుంచి చిన్న మెయిల్ వచ్చింది, అంతే. కుటుంబాలకు ఫోన్లు చేసి చెప్పింది మేము. ఒక కూతురు, "మా అమ్మకు పడింది మందా, ఉత్త సెలైనా మేడం? అదైనా చెప్పండి" అంది. అప్పటికి మాకూ తెలియదు. ఏడాదికి పైగా నెలనెలా బస్సెక్కి వచ్చిన మనుషులకు ఆ ఒక్క సమాధానం వెంటనే దొరకాలని నేను ఇప్పటికీ గట్టిగా అనుకుంటాను. ఈ రంగంలో ఓటములకు కొదవలేదు. 2010లో సెమగాసెస్టాట్ అనే మందు తీసుకున్నవాళ్లు ఇంకా దిగజారుతున్నారని ట్రయల్స్ ఆపేశారు. 2016లో సొలనెజుమాబ్ పెద్ద ట్రయల్ విఫలమైంది.

అందుకే 2022లో లెకానెమాబ్ అనే అల్జీమర్స్ మందు ఫలితాలు వచ్చిన రోజు మా గదిలో ఎవరూ పని చేసుకోలేకపోయాం. 1,795 మంది మీద, 18 నెలల పాటు. మందు తీసుకున్నవాళ్లలో క్షీణత 27 శాతం తక్కువ. 2023 జూలైలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పూర్తి అనుమతి ఇచ్చింది. అదే అంకెను ఇంకోలా చూస్తే, 18 పాయింట్ల కొలత మీద ఆ తేడా 0.45. కొందరిలో మెదడు వాపు, చిన్న చిన్న రక్తస్రావాలు వచ్చాయి, అందుకే పదేపదే స్కాన్లు తీయాలి. తొలి దశలో ఉన్నవాళ్లకే ఆ మందు. "ఆ ఇంజెక్షన్ ఇప్పించండి, పొలం అమ్మైనా కడతాం" అని వచ్చే కొడుకులకు ఇదంతా కూర్చోబెట్టి చెబుతాను. ఈ 0.45 ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెబుతాను. అది ఏ యంత్రమో కొలిచింది కాదు. రోగిని, ఇంట్లోవాళ్లను విడివిడిగా కూర్చోబెట్టి, డబ్బు లెక్క ఎవరు చూస్తున్నారు, వంటలో ఉప్పు రెండుసార్లు పడుతోందా, బజారుకు ఒంటరిగా వెళ్లి వస్తున్నారా అని అడిగి వేసిన స్కోరు. అవ్వ కోడలు, మాస్టారి భార్య నాకు చెప్పినలాంటి మాటలే, ఎన్నో దేశాల్లో పోగుచేసి కూడితే వచ్చిన అంకె.

ఇప్పుడు రక్తపరీక్షల కాలం వచ్చింది. 2025 మేలో ఎఫ్‌డీఏ అల్జీమర్స్ నిర్ధారణకు తోడ్పడే తొలి రక్తపరీక్షకు అనుమతి ఇచ్చింది. రక్తంలో పీటౌ 217 అనే ప్రొటీన్‌ను, అమిలాయిడ్‌ను కొలిచి, మెదడులో గడ్డలున్నాయో లేదో అంచనా వేస్తుంది. ఖరీదైన పెట్ స్కాను, వెన్నుపూస నుంచి నీరు తీయడం అక్కర్లేకపోతే మన జిల్లా ఆసుపత్రుల్లోనూ నిర్ధారణ సాధ్యమవుతుంది. నా ఉద్యోగ జీవితంలో ఇంతకంటే ఆశ కలిగించిన వార్త లేదు. కానీ కిడ్నీ జబ్బున్నవాళ్లలో ఆ ప్రొటీన్ అల్జీమర్స్ లేకున్నా ఎక్కువగా కనిపిస్తుంది. షుగరు, బీపీ, వాటి వెనకే కిడ్నీ జబ్బు ఉన్న ఇళ్లు మన దగ్గర ఎన్ని! ఇంతకు మించితే జబ్బని ఎక్కడో గీసిన గీతను మనవాళ్ల రక్తానికి అలాగే పెడితే, అవ్వకు 15 మార్కులు వేసిన కథే మళ్లీ నడుస్తుంది. ఈసారి కాగితం బదులు సిరంజి, అంతే తేడా.

కాబట్టి మా బృందం ఇప్పుడు మళ్లీ మొదటి మెట్టు దగ్గరే ఉంది, ఆరోగ్యంగా ఉన్నవాళ్ల కోసం వెతుకుతోంది. 60 దాటి, మతిమరుపు లేనివాళ్లు కావాలి. చదువుకున్నవాళ్లు దొరుకుతున్నారు. బడికి వెళ్లనివాళ్లు, పల్లెల వాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు రావడం లేదు. మీ దగ్గర్లోని మెడికల్ కాలేజీలోనో న్యూరాలజీ విభాగంలోనో ఇలాంటి అధ్యయనం జరుగుతుంటే మీ అమ్మనో అమ్మమ్మనో అడిగి చూడండి. ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందో లేదో కనుక్కోండి, సమ్మతి పత్రం మొత్తం చదివించుకోండి, నచ్చకపోతే ఏ దశలోనైనా ఆపేయవచ్చు. కొంచెం రక్తం తీస్తారు, గంటన్నర పాటు ప్రశ్నలు అడుగుతారు. కళ్లజోడు, చెవి మిషను ఉంటే మర్చిపోకుండా వెంట తీసుకెళ్లండి. ఆవిడతో ఒకే ఇంట్లో ఉండేవాళ్లు ఒకరు తోడు వెళ్లాలి. వాళ్లను విడిగా అడగాల్సినవి చాలా ఉంటాయి.